ఇత్తడి దాటని మలుపు

ఆ వీధిలో మాస్టరు ఇల్లెక్కడని అడిగితే ఎవరైనా చూపిస్తారు. పాఠాలు చెప్పే మాస్టరు కాదు, గుడ్డ కత్తిరించే మాస్టరు. యూనిఫారాలు కుట్టే కార్ఖానాలో మీసం మొలవకముందు చేరి, మీసం నెరిసేదాకా ఒకే బల్ల దగ్గర నిలబడి పనిచేశాడు. ఆయన చేతిలో కత్తెర పడిందంటే చొక్కా ముందుభాగం పక్కన చెయ్యి, చేతి వంపులో కాలరు, కాలరు సందులో జేబు, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఒదిగిపోయేవి, పీలిక కూడా వృథా అయ్యేది కాదు. సాయంత్రం ఊడవడానికి వచ్చే ముసలామె ఆ బల్ల కిందికి వంగి చూసి, "మాస్టరుగారూ, మీ దగ్గర నాకు చీపురూ అక్కర్లేదు, చేటా అక్కర్లేదు. మీలాంటివాళ్ళు ఇంకొకరుంటే నన్ను ఇంటికి పంపించేస్తారు" అని నవ్వేది.

ఆ మాట ఆయనకి శాలువా కప్పినట్టు ఉండేది. ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు, బావమరిదికి చెప్పాడు, వాళ్ళు వినడం మానేశాక కూడా చెప్పాడు. అయితే ఆ ముసలామెకి మనవరాలు పుట్టిన వారం మాత్రం, ఒక చిన్న గౌనుకి సరిపోయే ముక్క ఆ బల్ల కింద పడి ఉంది. ఎలా పడిందో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. మనుషుల్లో మంచితనం ఇలా బల్లల కిందే ఎక్కువగా దొరుకుతుంది. పైకి తీసి చూపించడానికి చాలామందికి సిగ్గు.

తర్వాత కార్ఖానాకి కత్తిరించే యంత్రం వచ్చింది. మాస్టర్లని పిలిచి దండ వేసి పంపించారు. ఆయన దండ అక్కడే మేకుకి తగిలించి, తన బల్ల ఇమ్మని అడిగాడు. ఇచ్చారు. అది ఇంట్లోకి పట్టడానికి గుమ్మం తలుపులు ఊడదీయాల్సి వచ్చింది. ముందుగది నిండా ఆ బల్లే. నాలుగు అంచులకీ కాస్త లోపలగా, చెక్కలో దిగేసిన ఇత్తడి కొలబద్ద ఉండేది. గుడ్డ జారీ జారీ దాని మీది అంకెలు సగం అరిగిపోయాయి. ఆయన దాన్ని పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. బల్లకీ గోడకీ మధ్య భార్య పక్కకి తిరిగి నడవాల్సి వచ్చేది. "ఈ ఇంట్లో బల్ల కాపురం చేస్తోంది, మనం అద్దెకున్నాం" అనేదావిడ.

ఇక ఆవిడ తమ్ముడు. తల్లి పోయిన ఏడు ఒక సంచీతో అక్కగారింటికి వచ్చాడు, ఆ సంచీ మళ్ళీ సర్దలేదు. పెళ్ళి చేసుకోలేదు. వీధి చివర ఒక ఇరుకు కొట్లో ఫ్యాన్లకీ నీళ్ళ మోటార్లకీ కాలిపోయిన తీగ విప్పి కొత్తది చుట్టేవాడు. ఇచ్చినవాళ్ళ దగ్గర తీసుకునేవాడు, ఇవ్వలేనివాళ్ళకి "ఏముందమ్మా, దుమ్ము దులిపానంతే" అనేవాడు. మాస్టరు అతన్ని ఆటపట్టించని పూట లేదు.

"ఒరేయ్, లోకంలో ఇల్లరికపు అల్లుళ్ళని చూశాను గానీ, ఇల్లరికపు బావమరిదిని నిన్నొక్కణ్ణే చూశాను."

"నీకు ఎదురు చెప్పేవాడు ఇంకొకడు దొరికితే చెప్పు బావా, ఈ పూటే వెళ్ళిపోతాను."

"ఎక్కడికెళ్తావు? నిద్ర లేపడానికే నీకొక మనిషి కావాలి."

ఈ మాటలు చివరి ముద్దల్లో పోసుకునే మజ్జిగలా వాళ్ళకి రోజూ ఉండాల్సిందే. అవి లేకపోతే ఇద్దరికీ భోజనం చేసినట్టుండేది కాదు.

బొమ్మ రైలు ఇంట్లోకి వచ్చింది బావమరిది కొట్టు నుంచే. ఎవరో చెడిపోయిన రైలింజను బాగుచేయమని ఇచ్చి, తిరిగి రాలేదు. అతను దాని మోటారు చుట్టి, కాసిన్ని పట్టాలు పట్టుకొచ్చి బల్ల మీద పరిచి నడిపాడు. మాస్టరు మొదట నవ్వాడు. తర్వాత పట్టా మలుపు వంకరగా ఉందని సుద్దముక్క తీసుకుని తనే గీత గీశాడు. అలా గీసిన గీత చూసుకుని చాలాకాలం తర్వాత ఆయన మొహం విప్పారింది. ఆ రోజు నుంచి పట్టాలు పరచడం బావ వంతు, ఇంజన్లు, పెట్టెలు చేయడం బావమరిది వంతు. బల్ల చుట్టూ ఇత్తడికి ఆనుకుని లోపలివైపు ఒక పట్టా, దాని లోపల ఇంకొకటి. మాస్టరు రెంటి మధ్యా రెండు వేళ్ళ సందు వదిలాడు, తిన్నగా ఉన్నచోటా అంతే, మలుపులోనూ అంతే.

పట్టాలు బిగించేముందే బావమరిది అన్నాడు, "బావా, మలుపు దగ్గర ఇంకో వేలు వదలాలి."

"ఏం, నీ రైలు గర్భవతా?"

"పెట్టె పొడుగు బావా. పట్టా వంగుతుంది గానీ పెట్టె వంగదు. లోపలి రైలు పెట్టె మూలలు బయటికి పొడుచుకొస్తాయి. బయటి రైలు పెట్టె నడుము లోపలికొస్తుంది. రెండూ ఒకచోట ఎదురుపడితే ఆ మూల వచ్చి ఈ నడుముని గీరుతుంది."

"ఒరేయ్, చంక వంపు కత్తిరించేటప్పుడు కుట్టు కోసం ఎంత గుడ్డ వదుల్తాం? పైనుంచి కిందిదాకా ఒకే కొలత. వంపుంది కదా అని ఎక్కువ వదిలితే భుజం కింద సంచీ వేలాడుతుంది. లక్ష చంకలు కత్తిరించిన చెయ్యిది."

"గుడ్డ సర్దుకుంటుంది బావా. రేకు సర్దుకోదు."

"నువ్వు సర్దుకోవు, నీ రేకూ సర్దుకోదు."

వంటింట్లోంచి ఆవిడ నవ్వు వినిపించింది. కానీ ఈసారి బావమరిది నవ్వలేదు. లోపలి పట్టాని ఇంకా లోపలికి జరిపితే మలుపు బిగుసుకుపోయి పొడుగు పెట్టెలు పట్టా దిగిపోతాయి, అది అతను అప్పటికే చూశాడు. ఉన్న దారి ఒక్కటే. బయటి పట్టాని మలుపు దగ్గర ఇంకాస్త బయటికి జరపాలి. అంటే ఇత్తడి మీదుగా వెళ్ళాలి, అక్కడ ఇత్తడికి చిల్లులు వేసి మేకులు దిగ్గొట్టాలి.

"ఆ ఇత్తడి మీద మేకు పడాలంటే ముందు నా మీద పడాలి" అన్నాడు మాస్టరు. ఆ మాటలో ఆటలేదని బావమరిదికి అర్థమైంది.

అతను తీరిక దొరికినప్పుడల్లా రేకు కత్తిరించి, వంచి, అతికించి, కిటికీలు తొలిచి ఒక ఎర్ర రైలు చేశాడు. పొడుగాటి పెట్టెలు, లోపల అగ్గిపుల్లంత సీట్లు. అది బయటి పట్టా మీద తిరిగేది. లోపలి పట్టా మీద పొట్టి పెట్టెల గూడ్సు తిరిగేది. మలుపులో రెండూ ఒకదాన్నొకటి తాకకుండా దాటిపోయేవి. దాటిన ప్రతిసారీ మాస్టరు బావమరిది వైపు కనుబొమ్మలెగరేసి చూసేవాడు.

"గూడ్సు పొట్టిది బావా" అనేవాడతను.

"నువ్వూ పొట్టివాడివే. నిన్నెవరూ తీసెయ్యలేదుగా."

ఇలా నడుస్తుండగా ఒకావిడ ఫ్యాను బాగుచేయించుకోవడానికి కొట్టుకి వచ్చింది. పక్కనున్న పెద్ద ఊళ్ళో బొమ్మల దుకాణం యజమానురాలు. పని బల్ల మీద ఎర్ర పెట్టె ఒకటి చూసి, చేతిలోకి తీసుకుని, కిటికీలోంచి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. తన దుకాణం ముందు అద్దం వెనక రైలు తిప్పాలనుకుంటున్నాననీ, చేసేవాళ్ళకోసం వెతుకుతున్నాననీ చెప్పింది. రైళ్ళు చేయడం, బాగుచేయడం, పిల్లలకి చూపించడం ఉద్యోగం. దుకాణం మీద ఒక గది ఇస్తుంది. "రెండు ప్యాసింజరు రైళ్ళు మలుపులో ఎదురెదురుగా వచ్చి దాటిపోవాలండీ. పిల్లలు అడుగు కదపకుండా నిలబడిపోయేది అక్కడే. మీ ఇంట్లో రైలు నడుస్తోందంటున్నారుగా, ఆదివారం వచ్చి చూస్తాను. చూశాక మాట్లాడుకుందాం."

ఆ సంగతి బావమరిది భోజనాల దగ్గర చెప్పాడు. చెప్పేటప్పుడు కంచంలోకే చూస్తూ చెప్పాడు, దొంగతనం చేసినవాడిలా. అక్క చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "గది కూడా ఇస్తారా నాయనా? నీకంటూ ఒక గదా?" అని కొంగుతో కళ్ళద్దుకుంది. మాస్టరు ముద్ద మింగి, మంచినీళ్ళు తాగి, "పొద్దున్నే లేపేదెవరట?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఆ వారమంతా బావమరిది కాలు నేలమీద నిలవలేదు. లోపలి పట్టాకోసం రెండో పొడుగు రైలు చేయాలి. కొట్టు మూసి రేకు పనిమీద కూర్చున్నాడు. నీలం రంగు వేశాడు. అతను ఈల వేయడం మాస్టరు అంతకుముందు వినలేదు. ఇంతకాలం ఒకే కప్పు కింద ఉన్న మనిషికి ఈల వచ్చని తెలియకపోవడం ఆయనకి ఎక్కడో కలుక్కుమంది. తను అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. ఆట మాటలే. అయినా, రోజూ తినే ఉప్పే ఒకనాడు నాలుక పొక్కిస్తుంది కదా అనుకున్నాడు.

ఆదివారం పొద్దున ఆఖరి పెట్టె కప్పు మీద రంగు ఇంకా పచ్చిగానే ఉంది. "ఆరాక రెండు రైళ్ళూ మలుపులో దాటించి చూద్దాం బావా. తగిలితే ఆవిడకి ఉన్నమాట చెప్పేద్దాం. లోపల గూడ్సే తిప్పి చూపిద్దాం. ఇంకో వేలు వెడల్పుంటే చాలని చెబుదాం. వాళ్ళ దుకాణంలో చోటుకేం తక్కువ?" అన్నాడు బావమరిది.

అంతలో ఎదురింటి కోడలు గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. "అన్నయ్యా, మోటారు ఆగిపోయింది. పిల్లకి వాంతులు, ఇంట్లో చుక్క నీళ్ళు లేవు." అతను గోడమీది గడియారం చూశాడు, రైళ్ళు చూశాడు, ఆ అమ్మాయి మొహం చూశాడు. పనిముట్ల సంచీ భుజాన వేసుకున్నాడు. "బావా, నాకు ఆలస్యమైతే నువ్వొకసారి మలుపులో పెట్టి చూడు" అని చెప్పి వెళ్ళాడు. ఆ పూట తన బతుకు మారబోతోందని తెలిసీ పరాయి పిల్ల నీళ్ళకోసం వెళ్ళినవాణ్ణి భగవంతుడు చూసే ఉంటాడు. కానీ చూడటం వేరు, అడ్డుపడటం వేరు. ఆయన లీల మనకేం తెలుసు?

మాస్టరు బల్ల ముందు ఒక్కడే నిలబడ్డాడు. ఎర్ర రైలు ఆఖరి పెట్టెని మలుపులో బయటి పట్టా మీద పెట్టాడు. నీలం రైలు ఆఖరి పెట్టెని రెండు వేళ్ళతో ఎత్తి లోపలి పట్టా మీద పెట్టి మెల్లగా తోశాడు. నీలం మూల వచ్చి ఎర్ర నడుముని పట్టుకుంది. కీచుమని సన్నటి చప్పుడు. వెనక్కి లాగి మళ్ళీ తోశాడు. మళ్ళీ అక్కడే.

ఆయనకి ముందుగా కలిగింది కోపం, రేకు మీద. తర్వాత సిగ్గు. కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూస్తే అంతా విప్పి చెప్పినట్టు కనిపించింది. వాడు చెప్పింది చెప్పినట్టే. మూల, నడుము, వేలెడు తక్కువ. ఆ వేలెడు ఇత్తడికి అవతల ఖాళీగా, నున్నగా మెరుస్తూ ఉంది.

గూడ్సు అక్కడే పక్కన ఉంది. చెబితే చాలు. వాడొచ్చి గూడ్సు పెడతాడు. ఆవిడ మంచిమనిషిలా ఉంది, అర్థం చేసుకుంటుంది. వాడు సంచీ సర్దుకుంటాడు. ఈ బల్లకి అటువైపు నిలబడి 'బావా' అనేవాడు ఉండడు. ఆయన ఆలోచన అంతవరకు వెళ్ళి ఆగింది. మిగతాది ఆలోచించుకోలేదు. పెట్టెలు రెండూ ఎక్కడివక్కడ తగిలించి, పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. బొటనవేలి మీద నీలం మరక సబ్బుకి కూడా పోలేదు.

బావమరిది వచ్చేసరికి ఆలస్యమే అయింది. బట్టలు తడిసిపోయాయి. యజమానురాలు వాకిట్లోనే ఎదురైంది, ఇద్దరూ కలిసే లోపలికొచ్చారు. అతను తల తుడుచుకుంటూ బావ దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"పెట్టి చూశావా?"

"ఊఁ."

"బానే ఉందా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఇత్తడి మీద ఎండ పడుతోంది. "కానీ, కానీ. ఆవిణ్ణి నిలబెట్టకు" అన్నాడు మాస్టరు.

అతను ఇంకోమాట అడగలేదు. బావ మాటంటే అంత నమ్మకం. రెండు రైళ్ళూ వదిలాడు. ఎర్రది బయట, నీలంది లోపల, ఎదురెదురుగా. తిన్నటి పట్టాల మీద రెండూ హుందాగా దాటుకున్నాయి. యజమానురాలు పిల్లలా చేతులు కట్టుకుని వంగింది. బల్ల ఇంకో కొసన, మలుపులో మళ్ళీ ఎదురుపడ్డాయి. ఇంజన్లు దాటాయి. నీలం మొదటి పెట్టె మూల ఎర్ర మొదటి పెట్టె నడుముని పట్టుకుంది. ఎర్ర పెట్టె ఒరిగింది, దాని వెనక పెట్టె దాన్ని తోసింది, ఒకదాని వెనక ఒకటి ఇత్తడి దాటి, అంచు దాటి, గచ్చు మీద పడ్డాయి. గచ్చు మీద రేకు చప్పుడు వంటింటిదాకా వినిపించింది. నీలం రైలు ముందు పెట్టెలు పట్టా దిగి పక్కకి పడుకున్నాయి. ఆఖరిది మాత్రం మలుపుదాకా రాకుండానే పట్టా మీద నిలబడిపోయింది.

యజమానురాలు కాలికింద పడ్డ ఒక చక్రాన్ని తీసి, కొంగుతో తుడిచి, అతని అరచేతిలో పెట్టింది. "పెట్టెలు ముచ్చటగా ఉన్నాయండీ, ముఖస్తుతి కాదు. కానీ అద్దం వెనక రోజంతా తిరగాలి, పిల్లల ముందు పడకూడదు. ముందే పరీక్షించి చూడలేదా?"

అతను బావ వైపు చూడలేదు. "తొందరపడ్డానండీ. తప్పు నాదే" అన్నాడు.

"మా ఊళ్ళో ఇంకొకాయన ఉన్నారు, ఆయనది కూడా చూస్తానని మాటిచ్చాను" అందావిడ. అక్క తెచ్చిన మంచినీళ్ళు తాగి, గ్లాసు రెండు చేతులతో అందించి, వెళ్ళిపోయింది. తర్వాత కబురేమీ రాలేదు.

బావమరిది నేలమీద కూర్చుని పెట్టెలు ఏరుకున్నాడు. సీట్లు రాలిపోయాయి. అక్క కూడా వచ్చి పక్కన కూర్చుని బల్ల కింద నుంచి ఒక్కొక్కటీ తీసి ఇస్తోంది. చివరికి అతను లేచి, పట్టా మీద నిలబడి ఉన్న నీలం ఆఖరి పెట్టెని చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. దేన్నీ తగలని ఆ పెట్టె మూల మీద ఎర్ర గీర ఉంది. కప్పు మీద పచ్చి రంగులో బొటనవేలి ముద్ర. ఏళ్ళ తరబడి కత్తెర పిడి ఒత్తుకుని మధ్యలో గుంటపడ్డ బొటనవేలు. ఆ ఇంట్లో అలాంటి వేలు ఒక్కరిదే.

"పొద్దున తగిలిందా బావా?"

మాస్టరు చేతిని పంచె మడతలో దాచుకున్నాడు.

"ఒక్కమాట అంటే గూడ్సు పెట్టేవాణ్ణిగా?" అతని గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బావుండేది. "అంత ఇష్టం లేకపోతే వెళ్ళొద్దు అనాల్సింది. ఆగిపోయేవాణ్ణి."

ఆ మాటే మాస్టరుకి అన్నింటికన్నా గట్టిగా తగిలింది. వెళ్ళొద్దు అనొచ్చన్న ఊహే ఆయనకి రాలేదు. ఇన్నేళ్ళలో ఎకసక్కెం తప్ప ఇంకో రకంగా మాట్లాడటం ఆయన నాలుకకి అలవాటు కాలేదు.

బావమరిది ఎక్కడికీ వెళ్ళలేదు. పెట్టెలన్నీ ఒక అట్టపెట్టెలో సర్ది మంచం కిందికి తోశాడు. పొద్దున్నే ఎవరూ లేపకుండానే లేస్తున్నాడు. కొట్టుకి వెళ్తున్నాడు, వస్తున్నాడు, పెట్టింది తింటున్నాడు. బావ కంచం ఖాళీ అయితే అందరికన్నా ముందు చూసి, గిన్నె ఆయన వైపు జరుపుతున్నాడు. కానీ, "ఏరా, ఇల్లరికం ఎలా ఉంది?" అని మాస్టరు కదిపి చూస్తే, "బానే ఉందండి" అంటున్నాడు. బజారులో ఎదురైన పెద్దమనిషికి చెప్పినట్టు.

కొన్నాళ్ళు చూశాడు మాస్టరు. ఒకరోజు అతను కొట్టుకి వెళ్ళాక స్క్రూడ్రైవరు తీసుకుని మలుపుల దగ్గరున్న ఇత్తడిని చెక్కలోంచి పెకలించాడు. చెక్క పెచ్చులూడింది, చెయ్యి చీరుకుంది. బయటి పట్టాని అంచుదాకా జరిపి మేకులు కొట్టాడు. తిన్నటి చోట రెండు వేళ్ళు, మలుపు మొదలవకముందు నుంచే మెల్లగా వెడల్పు చేస్తూ, నడిమధ్యకొచ్చేసరికి మూడు. వేళ్ళు పెట్టి పెట్టి చూసుకున్నాడు. భార్య గుమ్మంలో నిలబడి చూసింది. చీరుకున్న వేలికి కట్టుకోమని పాత గుడ్డ పీలిక చింపి బల్లమీద పెట్టింది.

మధ్యాహ్నం బావమరిది భోజనానికి వచ్చాడు. "ఒరేయ్, ఇలా రా. చూడు" అన్నాడు మాస్టరు. గొంతు తనకే కొత్తగా వినిపించింది.

అతను వచ్చాడు. మలుపులో తన మూడు వేళ్ళు దించి చూశాడు. ఇత్తడి ఊడిన చోట చెక్క పెచ్చుని ఒకసారి తడిమాడు.

"సరిపోతుందండి."

"నీ రైళ్ళు తియ్యి. ఒకసారి దాటిద్దాం."

"కొట్టు దగ్గర మోటారు విప్పదీసి వచ్చానండి" అని, చెయ్యి కడుక్కుని, తిని, కంచం తీసి, వెళ్ళిపోయాడు. వెళ్తూ బావ చెప్పులు ఎండలో ఉంటే నీడలోకి జరిపి వెళ్ళాడు.

వంటింట్లోంచి ఆవిడ వచ్చింది. బల్లకీ గోడకీ మధ్య పక్కకి తిరిగి నడిచి ఆయన దగ్గర నిలబడింది.

"మీరు కోరుకున్నదేగా. వాడు ఉండిపోయాడు" అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు.

మాస్టరు గూడ్సుని ఒక్కదాన్నే వదిలాడు. అది లోపలి పట్టా మీద మలుపు తిరిగింది. పక్కన మూడు వేళ్ళ సందు ఖాళీగా ఉంది. మళ్ళీ తిరిగింది. ఆయన కుర్చీలో కూలబడి, ఊడదీసిన ఇత్తడి ముక్కని ఒళ్ళో పెట్టుకుని, అలవాటుకొద్దీ మెత్తటి గుడ్డతో తుడవసాగాడు.